కంటిగూటిలో చోటు చేయుట

మనుష్య శరీరమునందు కన్ను వసించు గృహము మిక్కిలి దృఢమైనదే గాని మిక్కిలి ఇఱుకైనది. ఏడు ఎముకల కూర్పుచే ఏర్పడి, ముందువైపు విశాలముగా తెఱచికొని, వెనుకకు పోవుకొలది సన్నగిలి, మెదడు దాపున కొనతేఱి ముగియు ఈ నేత్రకోటరము యొక్క ఘనపరిమాణము పెద్దవారియందు సుమారు 30 మిల్లీలీటర్లు. అందు కనుగ్రుడ్డు ఆక్రమించునది ఏడింటికి మించదు. తక్కిన చోటునందే దానిని త్రిప్పు ఆఱు కండరములును, పైఱెప్పను ఎత్తు కండరమొకటియు, రక్తనాళములును, వీని నడుమ మెత్తగా పఱచుకొన్న క్రొవ్వును, అన్నిటి మధ్యనుండి మెదడునకు పోవు దృష్టినాడియు ఇమిడియుండవలెను. ఇంత పొందికగా అమరిన చోట 4 మిల్లీలీటర్ల పదార్థము అధికముగా చేరినచో, అనగా చిన్న చెంచా నిండని పరిమాణము చేరినచో, కనుగ్రుడ్డు సుమారు 6 మిల్లీమీటర్లు ముందునకు త్రోయబడును. గోడలు ఎముకవి గనుక ప్రక్కలకు జరుగవు. తెఱపియున్న దిక్కు ముందుదిక్కొక్కటే. థైరాయిడు నేత్రరోగమునందు జరుగునది ఇదియే. దానికై ఏర్పడిన శస్త్రచికిత్సలలో మొదటిదియు పెద్దదియు నగు దాని ఉద్దేశమంతయు ఈ ఇఱుకునందు చోటు చేయుటయే.

కంఠమునందలి గ్రంథికిని కంటికిని గల ఈ సంబంధమును పాశ్చాత్య వైద్యులు గుర్తించి రెండువందల యేండ్లు కావచ్చినది. ఇంగ్లండునందలి బాత్ నగర వైద్యుడు కేలబ్ ప్యారీ వ్రాసియుంచుకొన్న రోగివృత్తాంతములు అతని మరణానంతరము 1825లో వెలువడినవి. పదేండ్ల పిమ్మట 1835లో డబ్లిను నగరమున రాబర్ట్ గ్రేవ్స్ ఇట్టి రోగులనే వర్ణించెను. 1840లో జర్మనీ దేశపు మెర్సెబుర్గ్ పట్టణమునందు కార్ల్ ఫాన్ బాసెడో గొంతువాపును, గుండెదడను, పొడుచుకొనివచ్చిన కన్నులను ఒకచోట చేర్చి, ఇవి మూడును ఒకే వ్యాధి లక్షణములని చెప్పెను. ఇంగ్లీషు వైద్యము చదివిన దేశములు గ్రేవ్స్ పేరును, జర్మను వైద్యము చదివిన దేశములు బాసెడో పేరును నిలుపుకొన్నవి; అందఱికంటె ముందు చూచిన ప్యారీ పేరు గ్రంథముల అడుగున ఎక్కడనో మిగిలినది. ఇది న్యాయమని నాకు తోచదు.

మాత్రలు వేసికొనుచున్నాము, రక్తపరీక్షలో అంకెలు సరిపడినవి, ఇక కన్నులేల కుదురుకొనవు అని వైద్యుని అడుగు రోగులు అనేకులు. అడుగవలసిన ప్రశ్నయే. రక్తమునందు హార్మోను హెచ్చుటచేతనే కన్ను ఉబ్బునని వారి ఊహ. వాస్తవమునకు శరీరరక్షణకై యేర్పడిన వ్యవస్థ దారితప్పి, గ్రంథిమీది గ్రాహకములకు విరోధముగా ప్రతిరక్షకములను పుట్టించుచున్నది. అట్టి గ్రాహకములే నేత్రకోటరమునందలి తంతుకణములపైని కూడ ఉండుటచేత ఆ ప్రతిరక్షకములు అచ్చటికిని పోయి వానిని రెచ్చగొట్టును. రెచ్చిన కణములు హయలురోనిక్ ఆమ్లమను పదార్థమును స్రవించును. అది తన బరువునకు ఎన్నో రెట్ల నీటిని తనలో పట్టియుంచును. కణములలో కొన్ని క్రొవ్వుకణములుగా మాఱిపోవును. కండరములు నడుమ లావెక్కి, కొనయందలి స్నాయువు మాత్రము ఎప్పటివలెనే సన్నగా నుండి, స్కానింగు చిత్రమున చూచినంతనే పోల్చుకొనదగిన ఆకృతిని పొందును. సాధారణముగా ముందు చెడునది కంటి క్రింది కండరము, తరువాత ముక్కువైపుది. గ్రంథి మందముగా పనిచేయువారియందును, సక్రమముగా పనిచేయువారియందును సైతము ఈ నేత్రరోగము అరుదుగా కనబడుటకు కారణమిదియే. స్త్రీలకు ఇది తఱచు; పురుషులకు అంత తఱచు కాకున్నను, వచ్చినపుడు తీవ్రముగా వచ్చును.

ఈ రోగమునకు తనదైన కాలగతి యొకటి కలదు. ఆస్ట్రేలియా దేశీయుడగు శస్త్రవైద్యుడు ఫ్రాన్సిస్ రండల్ 1940లలో రోగుల కన్నులను పలుమాఱులు కొలిచి గీసిన రేఖను నేటికిని వైద్యవిద్యార్థులు నేర్చుకొనుచున్నారు. కొన్ని నెలలు రోగము వేగముగా ముదిరి, శిఖరము నందుకొని, పిమ్మట కొంత తగ్గి, ఒకటి మొదలు మూడు సంవత్సరములలోపల ఒకచోట నిలిచిపోవును. నిలిచిన తరువాత ఎఱుపు, నొప్పి, వాపు పోవును. అయితే అంతవఱకు బిగుసుకొనిపోయిన కండరము మరల మెత్తబడదు, పెరిగిన క్రొవ్వు కరగదు, ముందునకు వచ్చిన కన్ను పూర్తిగా వెనుకకు పోదు. శస్త్రచికిత్సలలో అధికభాగము ఈ నిలుకడ కొఱకు వేచియుండి చేయునవే. కనీసము ఆఱు నెలలపాటు కొలతలు మాఱకుండ నున్నవని రూఢి చేసికొనక మెల్లకన్నునో ఱెప్పనో సరిదిద్దబూనిన వైద్యుడు, కుట్లు మానకమున్నే కొలతలు మాఱిపోగా, అదే కంటిని మరల కోయవలసిన దుస్థితికి వచ్చును. రోగికి ఈ నిరీక్షణ దుస్సహము. అద్దమునందు తన ముఖము కోపముతో గ్రుడ్లురిమి చూచుచున్నట్లు తనకే తోచుచుండగా, ఇంటికి వచ్చినవారెల్ల ఏమి అట్లు చూచుచున్నావని అడుగుచుండగా, మఱి ఆఱు నెలలు ఓర్వుమని చెప్పుట వైద్యునకును సులభము కాదు.

వేచియుండ వీలులేని సందర్భములు రెండు. మొదటిది, ఱెప్పలు మూతపడక శుక్లపటలము ఎండి పుండుపడుట. రెండవదియు అంతకంటె మోసకారియు నగునది దృష్టినాడి నలిగిపోవుట. ఇది ఈ నేత్రరోగులలో సుమారు నూటికి అయిదుగురికి కలుగును. నాలుగు ముఖ్యకండరములును కోటరము కొనయందు ఒక చిన్న వలయమునుండి పుట్టుచున్నవి. దృష్టినాడి ఆ వలయము నడుమనుండియే పోవుచున్నది. కండరములు అక్కడ లావెక్కినచో నాడికి తప్పించుకొను త్రోవ లేదు. ఇందొక వైపరీత్యము కలదు. కన్ను మిక్కిలి ముందునకు వచ్చినవారికే దృష్టి పోవునని పామరులే గాక కొందఱు చదువరులును అనుకొందురు. ముందునకు వచ్చిన కన్ను కొంతమేరకు తన ఇఱుకును తానే సడలించుకొన్నదన్నమాట. ఱెప్పలు బిగువుగా నుండి కన్ను ముందునకు జరుగ నీయనివారియందు లోపలి ఒత్తిడి అంతయు నాడిమీదనే పడును; అట్టివారి ముఖము చూచి ఆపదను ఊహించుట కష్టము.

అందుచేత ఈ రోగులను చూచు వైద్యుడు అక్షరముల పలకను మాత్రమే నమ్మడు. కనుపాప విప్పార్చు చుక్కమందు సీసాకు ఎఱ్ఱని మూత యుండును. ఆ మూతను ఒక కంటి యెదుట, వెంటనే రెండవ కంటి యెదుట పట్టి, రంగు రెండింటికిని సమానముగా నున్నదా అని అడుగును. ఒక కంటికి అది వెలిసినట్లు కనబడుచున్నదని రోగి చెప్పినచో, పలకమీద చివరి వరుస చదువగల్గినను ఆ కంటిని నమ్మరాదు. వర్ణదృష్టి తక్కినదానికంటె ముందుగా క్షీణించుట ఈ నాడిరోగమున సాధారణము. టార్చిలైటు వెలుగును ఒక కంటినుండి మఱియొక కంటికి మార్చి పాపలు కుదించుకొను తీరు చూచుట, దృష్టిక్షేత్రము కొలుచుట, కోటరమునకు స్కానింగు తీయించుట ఆ తరువాతి పనులు.

నాడి నలుగుచున్నదని తేలినపుడు మొదట చేయునది స్టీరాయిడు చికిత్స. రోజుకు అర గ్రాము మొదలు ఒక గ్రాము వఱకు మిథైల్ ప్రెడ్నిసొలోను మందును సిరలోనికి మూడు దినములు ఎక్కించి, రెండవ వారమున మరల అట్లే చేసి, రెండు వారములకు చూపు కుదురుకొననిచో జాగు చేయక శస్త్రశాలకు కొనిపోవుదురు. మందునకు ముందే కోసినచో మేలుగదా అను సందేహము సహజము. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 2005లో ప్రకటించిన ఒక చిన్న పరిశీలనమున, 15 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు పక్షములుగా విభజించి చూడగా, ముందుగా కోయించుకొన్నవారికి అధికలాభ మేమియు కనబడలేదు. పరిశీలించినవారు తక్కువమందియే ఐనను, మందు ముందు కత్తి తరువాత అను పద్ధతికి నేడు ఆధారము ప్రధానముగా అదియే.

ఇక చోటు చేయు పనికి వత్తము. కోటరమునకు నాలుగు గోడలు. నాలుగింటిని కూడ ఒక్కొక్క కాలమున ఒక్కొక్కరు పడగొట్టి చూచిరి. బుడాపెస్టు నగరమున డోలింగర్ 1911లో, జూరిచ్ వైద్యుడు క్రోన్లైన్ కణితులు తీయుటకై అంతకుముందు కల్పించిన మార్గమును అనుసరించి, కణతవైపు గోడను తొలగించెను. అమెరికాలో నాఫ్జిగర్ అను మెదడు శస్త్రవైద్యుడు 1931లో కపాలమును తెఱచి, మెదడును మెల్లగా పైకెత్తి, కోటరపు పైకప్పును తీసివేసెను. చూపు నిలుపుటకు అంత సాహసము చేయవలసివచ్చిన కాలమది. ఆ చికిత్స పొందినవారిలో కొందఱి కన్నులు నాడి కొట్టుకొన్నట్లు లయగా కదలుచుండెడివట. మెదడునకును కంటికిని నడుమ నున్న అడ్డు తీసివేయగా మెదడు స్పందనము కంటికి సంక్రమించినది మఱి. 1930లో హిర్ష్ క్రింది గోడను, 1936లో స్యూవాల్ ముక్కువైపు గోడను ఎంచుకొనిరి. ఈ రెంటిని కలిపి సెయింట్ లూయిస్ నగరమున వాల్ష్, ఒగూరా అను చెవి ముక్కు గొంతు వైద్యులు 1957లో ప్రకటించిన పద్ధతి చాలకాలము రాజ్యమేలినది. పైపెదవి లోపల కోసి, దవడయెముకయందలి సైనసు గుండ పోయి, క్రిందినుండి కోటరమును చేరుట అందలి యుక్తి. ముఖముపై మచ్చ లేకుండుటయు, ఎముక పోయిన చోట ఖాళీ సైనసు సిద్ధముగా నుండుటయు దానికి వన్నె తెచ్చినవి.

1990లో కెనెడీయు అతని సహచరులును ముక్కురంధ్రముననే సన్నని అంతర్దర్శినిని చొప్పించి అదేపని చేయవచ్చునని చూపిరి. నేడు హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వంటి పెద్ద నేత్రాలయములయందు రోగి అవసరమునుబట్టి ఈ మార్గములలో ఒకదానినో రెండింటినో కలిపి వాడుచున్నారు. ముక్కువైపు గోడ మందము 0.2 మొదలు 0.4 మిల్లీమీటర్ల మాత్రమే. సైనసు గదులను శుభ్రపఱచి, ఆ పలుచని యెముకను పలుకులు పలుకులుగా విడదీసి తీసివేసిన తరువాత, కోటరమును కప్పియుండు పొర యొకటి బయటపడును. ఎముక తీసినంతమాత్రమున పని తీఱదు. ఆ పొరను వెనుకనుండి ముందునకు పొడవుగా చీల్చినపుడే లోపల బిగపట్టియున్న పసుపుపచ్చని క్రొవ్వు సైనసులోనికి పొంగి వచ్చును. దృష్టినాడిని కాపాడదలచినచో ఈ గోడను కొనవఱకు, అనగా వలయము దాపువఱకు తీయవలెను. ముందుభాగము మాత్రము తీసి వెనుకభాగము విడిచినచో కన్ను లోపలికి పోవునే గాని నాడికి ఊపిరి యాడదు. పైన కొంచెము దూరముననే మెదడు అడుగుపలక యుండును. అది చిల్లిపడినచో మెదడునీరు ముక్కునుండి కాఱును. ముక్కువైపు గోడయు క్రింది గోడయు కలియు మూలనుండు ఎముకదూలమును ప్రాయికముగా ఉంచివేయుదురు. దానినిగూడ తీసినచో కనుగ్రుడ్డు క్రిందికి జాఱి ప్రక్కకు ఒఱుగును. క్రింది గోడలో పోవు నాడి కందినచో చెంప, పైపండ్లు కొన్ని నెలలు తిమ్మిరెక్కియుండును. చికిత్స పొందినవారు కొన్ని వారములపాటు ముక్కు గట్టిగా చీదరాదు. చీదినచో గాలి కంటిగూటిలోనికి దూరి ఱెప్పలు ఉబ్బును.

ఒక గోడ తీసినచో రెండు మూడు మిల్లీమీటర్లును, రెండు తీసినచో నాలుగైదును, మూడు తీసినచో ఆఱును అంతకు మించియు కన్ను వెనుకకు పోవునని స్థూలముగా చెప్పుదురు. హెర్టెల్ 1905లో రూపొందించిన కొలతసాధనముతోనే నేటికిని ఈ మిల్లీమీటర్లను లెక్కించుచున్నారు. నూఱేండ్లు దాటినను దానికి దీటైనది క్లినిక్కులో కనబడదు. ఎముక జోలికి పోకుండ క్రొవ్వును మాత్రమే తీయు పద్ధతియు కలదు. క్రొవ్వు పెరిగి కండరములు అంతగా పెరుగనివారికి అది ఒప్పును.

ఈ చికిత్స ఒకచేత చూపునిచ్చి మఱియొకచేత చిక్కు తెచ్చుటయు కలదు. ముక్కువైపు గోడ పోగా ఆ ప్రక్క కండరము లోపలికి కుంగి, కన్నులు ముక్కువైపునకు తిరిగి, అంతవఱకు లేని ద్విదృష్టి కొందఱికి కొత్తగా వచ్చును. కణతవైపు గోడనే లోతుగా చెక్కుటకో, లేక రెండు ప్రక్కలను తూకముగా తీయుటకో ఇప్పటివారు మొగ్గుచూపుటకు కారణమిదియే. కోటరము పని ముగిసిన తరువాతనే మెల్లకన్ను, దాని తరువాతనే ఱెప్పలు అను వరుసను పెద్దలు విధించుటయు ఇందువలననే.

మెల్లకన్ను విషయమున ఈ రోగము తక్కిన మెల్లకన్నులవంటిది కాదు. ఇచ్చట కండరము బలహీనపడలేదు, గట్టిపడి పొట్టిదైనది. క్రింది కండరము అట్లైనచో కన్ను క్రిందికి చూడగలదు గాని పైకి చూడలేదు. గుంజకు పొట్టిపలుపుతో కట్టిన పశువు గుంజచుట్టు తిరుగగలిగినను ఎదుటి గడ్డిమేటు నందుకొనలేనట్లు, లోపమంతయు ఎదురుదిక్కున కనబడును. మత్తు ఇచ్చిన పిమ్మట శస్త్రవైద్యుడు శుక్లపటలపు అంచున పటుకారుతో పట్టి కనుగ్రుడ్డును పైకి త్రిప్పబోవును. ఆరోగ్యమైన కన్ను తేలికగా తిరుగును, ఈ కన్ను కదలదు. ఆ పట్టు ఎంతటిదో వ్రేళ్ళకు తెలిసిన తరువాతనే ఎన్ని మిల్లీమీటర్లు వెనుకకు జరుపవలెనో నిశ్చయించును. కండరమును కత్తిరించి పొట్టి చేయుట ఇచ్చట దాదాపు నిషిద్ధము. అది అతుకు చోటనుండి విడదీసి వెనుకకు జరిపి కుట్టుటయే విధి. కొందఱు ముడిని బిగింపక జాఱుముడిగా ఉంచి, మత్తు దిగిన పిమ్మటనో మఱునాడో రోగిని కూర్చుండబెట్టి, ఎదుట ఒక అక్షరమును చూపి, ఒకటిగా కనబడువఱకు దారమును లాగియో సడలించియో సరిచేసి అప్పుడు ముడి వేయుదురు. చూపు అన్ని దిక్కులను ఒకటిగా నుండవలెనని ఆశించుట అత్యాశ. ఎదుట చూచునపుడును, చదువుటకును మెట్లు దిగుటకును క్రిందికి చూచునపుడును ఒకటిగా నున్న చాలును. పైకి చూచినపుడు రెండుగా కనబడినను తల యెత్తి సర్దుకొందురు.

పొగత్రాగుట మానని రోగికి ఈ శ్రమలో చాలభాగము వృథా కావచ్చును. సిగరెట్టు ఈ నేత్రరోగమును రప్పించుటయు, ముదిరించుటయు, మందుల గుణమును తగ్గించుటయు నిర్వివాదముగా తేలిన సంగతి. రోగి స్వాధీనమునందున్న కారణములలో దీనికి మించినది లేదు. గ్రంథిని అణచుటకు రేడియోధార్మిక అయోడిను తీసికొనువారికి కన్ను ముదురు భయము కొంత యుండును గనుక, ఆ సమయమున స్టీరాయిడు మాత్రలతో కాపు కాయుదురు. 2020 జనవరిలో అమెరికా ప్రభుత్వము అనుమతించిన టెప్రొటుముమాబ్ అను మందు, ఇన్సులినును పోలిన వృద్ధికారకపు గ్రాహకమును మూసివేసి, శస్త్రము లేకయే కన్నును వెనుకకు పంపుచున్నది. మూడేసి వారములకు ఒకమాఱు చొప్పున ఎనిమిది మాఱులు సిరలోనికి ఎక్కింతురు. కొందఱికి వినికిడి తగ్గుట, మధుమేహము హెచ్చుట దానివలన కలుగు కీడులు. మిక్కిలి ఖరీదైన ఆ మందు సామాన్యునకు అందని ద్రాక్షయే. అదియు గాక, ఏండ్ల క్రిందట గట్టిపడిన కండరమును ఈ మందు సాగదీయునని నేను నమ్మను. ఆ పని కత్తికిని దారమునకును మిగిలియే యుండును.

కడపట ఱెప్పలు. పైఱెప్ప అంచు సహజముగా నల్లగ్రుడ్డు పైభాగమును ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పియుండవలెను. ఈ రోగమున అది పైకి లాగబడి తెల్లగ్రుడ్డు బయటపడును. రోగి క్రిందికి చూచినపుడు ఱెప్ప వెంటరాక వెనుకబడుటను బెర్లిను నేత్రవైద్యుడు ఫాన్ గ్రేఫ్ 1864లోనే గుర్తించెను. క్రింది కండరము బిగుసుకొన్నపుడు కంటిని నిలబెట్టుటకై పైకండరము పెనుగులాడును. దానితో ముడివడిన ఱెప్పకండరమును ఆ పెనుగులాటలో పాల్గొని ఱెప్పను ఇంకను పైకి లాగును. అందుచేత మెల్లకన్ను సరిపడినంతనే పైఱెప్ప తనంత దిగివచ్చుట కలదు. మఱియొకవంక క్రింది కండరమును వెనుకకు జరుపగా దానితో బంధమున్న క్రిందిఱెప్ప మఱింత క్రిందికి జాఱుటయు కలదు. ముందుగా ఱెప్పలు కుట్టినవాడు ఈ రెండింటిచేతను మోసపోవును. క్రిందిఱెప్పను పైకి నిలుపుటకు నోటిలోని గట్టి అంగిలినుండియో చెవి మృదులాస్థినుండియో చిన్న ముక్కను తీసి ఆధారముగా అతుకుదురు. పైఱెప్పకు మాత్రము చర్మమునకే మత్తుమందిచ్చి, రోగి మేలుకొనియుండగనే, ఱెప్పనెత్తు కండరమును వెనుకకు జరుపుచు, నడుమ నడుమ రోగిని బల్లమీద లేచి కూర్చుండుమని, రెండు కన్నుల ఎత్తును ఎదురుగా నిలిచి పోల్చిచూతురు; పరుండినపుడు సమముగా కనబడిన ఱెప్పలు కూర్చున్నంతనే ఒక మిల్లీమీటరు తేడా చూపును. తరువాతి వారములలో ఈ ఱెప్ప కొంత తిరిగి పైకెక్కు స్వభావము గలది గనుక, అనుభవజ్ఞులు దానిని కావలసినదానికంటె కొంచెము క్రిందుగానే విడుతురు. కట్టు విప్పినపుడు కన్ను సోలినట్లున్నదని రోగి నొచ్చుకొనుట వాడుకయే గనుక, ఆ సంగతి ముందుగానే చెప్పియుంచుదురు.